ఖాళీ నెలల జీతం ఎవరిస్తారు?

సికింద్రాబాద్‌లో చాలాకాలం ఉద్యోగమంటే రైల్వే ఉద్యోగమే. 1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వే ఇక్కడ కేంద్రంగా ఏర్పడింది. లాలాగూడ, మెట్టుగూడ, చిలకలగూడ వీధుల్లో ఏ తలుపు తట్టినా ఒక రైల్వే మనిషి ఎదురొచ్చేవాడు. నెల తిరిగేసరికి జీతం, ఉండటానికి క్వార్టర్, ఊరెళ్లడానికి పాస్, జబ్బు చేస్తే రైల్వే ఆస్పత్రి, రిటైరయ్యాక పింఛన్. ఆ ఇళ్లలో పెరిగిన పిల్లలు ఇప్పుడు మెట్రో ఎక్కి రాయదుర్గం వెళ్లి సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నారు. వయసు ముప్పై అయిదు, నలభై. ఇంటి ఈఎంఐ ఉంది, స్కూలుకెళ్లే పిల్లలున్నారు, బీపీ, షుగర్ మాత్రలు వాడే తల్లిదండ్రులున్నారు. వాళ్లలో చాలామందిని ఇప్పుడు ఒక ప్రశ్న నిద్రపోనివ్వడం లేదు. చేతిలో పర్మనెంట్ ఉద్యోగం ఉంది. నెలకు ఒకటిన్నర రెట్లు ఇస్తామంటూ కాంట్రాక్ట్ ఆఫర్ వచ్చింది. పోవాలా, ఉండాలా?

ఇంట్లో ఈ మాట ఎత్తగానే పెద్దవాళ్ల నోట వచ్చే మొదటి మాట తెలిసిందే: ‘పర్మనెంట్ వదిలి కాంట్రాక్టేందిరా?’ వాళ్ల భయాన్ని పాతకాలపు చాదస్తమని కొట్టిపారేయకూడదు. తెలంగాణలో కాంట్రాక్ట్ ఉద్యోగమంటే ఏళ్ల తరబడి ఎదురుచూపే. జూనియర్ కాలేజీల్లో కాంట్రాక్ట్ లెక్చరర్లు పర్మనెంట్ వాళ్లు చెప్పే పాఠాలే చెప్పి, తక్కువ జీతంతో తల నెరిసిపోయారు. 2023 ఏప్రిల్ 30న రాష్ట్ర ప్రభుత్వం వివిధ శాఖల్లోని 5,544 మందిని క్రమబద్ధీకరించినప్పుడు వాళ్లలో ఎంతోమందికి రిటైర్మెంట్ దగ్గరపడింది. అంతకు ముందు ఏడాది, 2022 జూన్ 17న, నాలుగేళ్ల సైనిక కొలువుల అగ్నిపథ్ పథకాన్ని వ్యతిరేకిస్తూ యువకులు ఇదే సికింద్రాబాద్ స్టేషన్‌లోకి దూసుకొచ్చారు. బోగీలు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో ఒక యువకుడి ప్రాణం పోయింది. గడువు పెట్టిన ఉద్యోగం ఒక ఇంటిని ఎలా కుదిపేస్తుందో ఈ ఊరికి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

అయితే ఆ యువకులకు మరో దారి లేదు. లెక్చరర్లకూ లేదు. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌కు ఉంది. అతనికి కాంట్రాక్ట్‌లో ముందే ఎక్కువ డబ్బు ఇస్తామంటున్నారు. ఎందుకు ఇస్తున్నారు, దేనికి బదులుగా ఇస్తున్నారు అన్నది తేలితే సగం నిర్ణయం అయిపోయినట్టే.

ముందు పర్మనెంట్ సంగతి చూద్దాం. 1987లో మొదలైన సత్యం కంప్యూటర్స్ రిజిస్టర్డ్ ఆఫీసు సికింద్రాబాద్ ఎస్పీ రోడ్డులోని మేఫెయిర్ సెంటర్‌లోనే ఉండేది. సత్యంలో ఉద్యోగమంటే అప్పట్లో పెళ్లిచూపుల్లో ప్రభుత్వోద్యోగంతో సమానం. 2009 జనవరి 7న కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఒక్క ఉత్తరంతో, ఖాతాల్లో చూపిన వేల కోట్లు లేనేలేవని బయటపడింది. సుమారు 53 వేల మంది ఉద్యోగులున్నారని చెప్పుకున్న కంపెనీలో వచ్చే నెల జీతం పడుతుందో లేదో ఎవరికీ తెలియని పరిస్థితి. కేంద్రం పాత బోర్డును తప్పించి కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్, సి.అచ్యుతన్‌లను నియమించింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ కంపెనీని కొనుక్కుంది. కంపెనీ బతికింది, నిజమే. కానీ జూన్‌లో ప్రాజెక్టు లేని వేలమందిని ‘వర్చువల్ పూల్’ పేరుతో పక్కన కూర్చోబెట్టారు. బేసిక్ జీతం, పీఎఫ్, వైద్య బీమా మాత్రం ఇస్తాం, ఇంటి దగ్గరే ఉండండి, ఆరు నెలల్లోగా పని దొరికితే పిలుస్తాం అన్నారు. వాళ్లంతా పర్మనెంట్ ఉద్యోగులే. అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో ఆ మాటే రాసి ఉంది.

అది మోసం వల్ల వచ్చిన కష్టం, అన్ని కంపెనీలూ అలా ఉండవు అనొచ్చు. సరే, ఏ మోసమూ లేని, దేశంలోనే పెద్ద ఐటీ కంపెనీ అయిన టీసీఎస్‌ను తీసుకుందాం. 2025 జూన్‌లో ఆ సంస్థ ఒక నియమం తెచ్చింది. ఉద్యోగి ఏడాదికి కనీసం 225 పనిదినాలు క్లయింట్‌కు బిల్లయ్యే ప్రాజెక్టులో ఉండాలి. ప్రాజెక్టు లేకుండా బెంచ్ మీద గడిపే రోజులు ఏడాదికి 35కు మించకూడదు. మరుసటి నెలలోనే సిబ్బందిలో దాదాపు 2 శాతం, అంటే సుమారు 12 వేల మందిని తగ్గించుకుంటామని ప్రకటించింది. ఎక్కువగా మధ్య, పై స్థాయి వాళ్లే. అంటే ఇరవై ఏళ్ల సర్వీసు రక్షణ కాలేదు, ఒక్కోచోట అదే గురి అయింది.

ఈ రెండు ఉదంతాలూ పక్కపక్కన పెడితే పర్మనెంట్ ఉద్యోగం మనకు అమ్ముతున్న సరుకేమిటో స్పష్టంగా కనిపిస్తుంది. ఐటీ సేవల కంపెనీ సంపాదన క్లయింట్‌కు గంటల లెక్కన వేసే బిల్లు మీద ఆధారపడి ఉంటుంది. ఒక ప్రాజెక్టు ముగిసి మరొకటి దొరికేదాకా ఉద్యోగి బెంచ్ మీద ఉంటాడు. ఆ రోజుల్లో బిల్లు ఉండదు, కానీ జీతం పడుతుంది. ఆ జీతం కంపెనీ జేబులోంచి పోతుంది. ప్రాజెక్టు నడిచిన నెలల్లో మన పేరు మీద వచ్చిన బిల్లుకూ మనకిచ్చిన జీతానికీ ఉన్న తేడాలోంచి కంపెనీ ఆ ఖర్చు ముందే రాబట్టుకుంటుంది. ఒక విధంగా అది మనమే కట్టిన బీమా ప్రీమియం. సాఫ్ట్‌వేర్‌లో పర్మనెంట్ అంటే అసలు విలువ ఇదే: పని లేని రోజుల జీతం. మిగతావన్నీ దానికి అనుబంధాలు. ఇప్పుడు టీసీఎస్ ఆ బీమాను ఏడాదికి ముప్పై అయిదు రోజులకు కుదించింది. ప్రీమియం మాత్రం తగ్గించలేదు.

కాంట్రాక్ట్‌లో ఆ ప్రీమియం మన చేతికే ఇచ్చేస్తారు. ఖాళీ రోజులు మనమే మోయాలి. కాబట్టి అడగాల్సిందల్లా ఒకటే. వాళ్లిచ్చే అదనపు డబ్బు, మనం మోయబోయే ఖాళీకి సరిపోతుందా?

లెక్కలోకి దిగే ముందు ఇంకో విషయం తేల్చుకోవాలి. మన దగ్గర కాంట్రాక్ట్ అంటున్నవన్నీ ఒకటి కావు. హైదరాబాద్‌లో వచ్చే ఆఫర్లలో ఎక్కువ భాగం థర్డ్ పార్టీ పేరోల్. కూర్చునేది ఏదో విదేశీ కంపెనీ సొంత కేంద్రంలో, జీతం వేసేది వేరే కంపెనీ. మధ్యలో ఒకరో ఇద్దరో వెండర్లు. ఆఫీసు వేళలు వాళ్లవే, మేనేజర్ వాళ్లవాడే, వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాల్సిందే. ఉద్యోగికి ఉండే కట్టుబాట్లన్నీ ఉంటాయి, భరోసా మాత్రం ఉండదు. రెండో రకం అసలైన స్వతంత్ర వృత్తి. మనమే క్లయింట్‌తో ఒప్పందం రాసుకుని, మన పేరు మీద ఇన్‌వాయిస్ వేసి, మన పద్ధతిలో పని చేసిపెట్టడం. రెంటినీ ఒకే పేరుతో పిలవడం వల్ల ఎంతోమంది మొదటిదానిలోకి వెళ్తూ రెండోదానిలోకి వెళ్తున్నామనుకుంటున్నారు.

మొదటి రకం ఎలా వస్తుందో చూడండి. మధ్యాహ్నం పూట ఫోన్. జావా, స్ప్రింగ్ బూట్, ఆరు నెలలు, ఎక్స్‌టెండబుల్, క్లయింట్ రాయదుర్గంలో. ప్రస్తుత సీటీసీ ఎంత, ఎక్స్‌పెక్టెడ్ ఎంత, నోటీస్ పీరియడ్ ఎన్ని రోజులు? తొంభై రోజులనగానే అవతలి గొంతు నీరుగారిపోతుంది. ‘ఇమ్మీడియెట్ జాయినర్ కావాలి సర్, పదిహేను రోజుల్లో.’ చాలామంది దెబ్బతినేది ఇక్కడే. పర్మనెంట్ కంపెనీలో మూడు నెలల నోటీసు, కాంట్రాక్ట్‌కు పదిహేను రోజుల్లో చేరాలి. రెండూ కలవాలంటే ముందు రాజీనామా ఇచ్చి, నోటీసులో ఉండగా కాంట్రాక్ట్ వెతుక్కోవాలి. కాగితం చేతికి రాకముందే ఉన్నది వదులుకోవడమన్నమాట. ఈ లోపు క్లయింట్ బడ్జెట్ ఆపేస్తే ముందు నుయ్యి, వెనుక గొయ్యి. నోటీసు రోజులకు డబ్బు కట్టి బయటపడే వీలుందా, ఆ డబ్బు కొత్తవాళ్లు ఇస్తారా అన్నది మాటల్లో కాకుండా మెయిల్‌లో తేలాలి.

కాగితం వచ్చాక జీతం అంకె ఉన్న పేజీ దగ్గరే కళ్లు ఆగిపోతాయి. లోపలి పేజీలు చదవండి. క్లయింట్ పని ఆపితే పదిహేను రోజుల నోటీసుతో ఒప్పందం రద్దు, మీరు మానేయాలంటే మాత్రం అరవై రోజులు అనే షరతు ఉంటుంది. క్లయింట్ నుంచి డబ్బు అందాకే మీకు చెల్లింపు అని ఉండొచ్చు. ఏడాదిపాటు ఆ క్లయింట్ దగ్గర నేరుగా చేరకూడదని ఉండొచ్చు. మొదటిదాన్ని రెండు వైపులా సమానం చేయమని అడగాలి. రెండోది ఉంటే సంతకం పెట్టకూడదు. వెండర్‌కు రావాల్సిన బాకీ భారం ఇంజనీర్ ఇంటి మీద పడటానికి ఏ న్యాయమూ లేదు.

ఇక లెక్క. ఒక ఉదాహరణ తీసుకుందాం. పర్మనెంట్‌లో సీటీసీ, అంటే కంపెనీ ఏడాదికి మన మీద పెట్టే మొత్తం ఖర్చు, 24 లక్షలు. అందులో బేసిక్ 12 లక్షలు. కంపెనీ వాటా పీఎఫ్ 1.44 లక్షలు, గ్రాట్యుటీ కింద చూపేది సుమారు 58 వేలు, వేరియబుల్ 2.4 లక్షలు తీసేస్తే నెలకు పన్ను, మన వాటా పీఎఫ్ కోతకు ముందు సుమారు 1.63 లక్షలు వస్తుంది. కాంట్రాక్ట్ ఆఫర్ నెలకు 2.5 లక్షలు. చూడటానికి ఒకటిన్నర రెట్లు. కానీ ఏడాదికి చూస్తే 24 లక్షలకు బదులు 30 లక్షలు, పాతిక శాతం మాత్రమే ఎక్కువ. రోజు పని చేస్తేనే రోజు డబ్బు అనే షరతు ఉన్నచోట, నెలకు 21 పనిదినాల చొప్పున రోజుకు సుమారు 11,900 పడుతుంది. పర్మనెంట్‌లో జీతంతో వచ్చే సెలవులు, పండగలు కలిపి ముప్పై రోజులనుకుంటే అక్కడే మూడున్నర లక్షలు పోయింది. ఏడాదిలో ఒక్క నెల ఖాళీ వస్తే మరో రెండున్నర లక్షలు. తల్లిదండ్రులతో కలిపి కుటుంబానికి సొంతంగా ఆరోగ్య బీమా కొనుక్కుంటే ఒక లక్ష అనుకుందాం. మిగిలింది 23 లక్షలకు కాస్త తక్కువ. పాతిక శాతం పెరుగుదల ఆవిరైపోయి, ఉన్నదాని కంటే లక్ష తగ్గింది. అటువైపు వేరియబుల్ పూర్తిగా రాని ఏడాదులు ఉంటాయి కనుక రెండూ సరిసమానమే అనుకున్నా, సమానమైన డబ్బు కోసం ఇంత అనిశ్చితి నెత్తిన పెట్టుకోవడం దేనికి?

నా లెక్క ప్రకారం థర్డ్ పార్టీ పేరోల్ మీద వెళ్లాలంటే పాత సీటీసీకి ఒకటిన్నర రెట్లయినా ఉండాలి. చేతికొచ్చే జీతానికి కాదు, సీటీసీకి. పై ఉదాహరణలో అది ఏడాదికి 36 లక్షలు, నెలకు 3 లక్షలు. అప్పుడు రెండు నెలలు ఖాళీ వచ్చినా పాత స్థితి కంటే కిందికి జారరు. అంతకు తక్కువకు వెళ్లేవాళ్లు ఖాళీ నెలల భారాన్ని ఉచితంగా ఎత్తుకుంటున్నట్టే.

రెండో రకం కాంట్రాక్ట్‌లో లెక్క మారిపోతుంది, ముఖ్యంగా పన్ను వల్ల. ఐటీ వృత్తి నిపుణులకు ఆదాయపు పన్ను చట్టం ఊహాత్మక ఆదాయ పద్ధతిని అనుమతిస్తోంది. నగదు లావాదేవీలు 5 శాతం మించకపోతే ఏడాదికి 75 లక్షల వసూళ్ల వరకు, వచ్చినదాంట్లో సగాన్నే ఆదాయంగా చూపవచ్చు. సెలవులు, ఖాళీ నెల పోను 24 లక్షల లోపు వసూలైతే పన్ను లెక్కకు వచ్చేది 12 లక్షల లోపే. 2025–26 ఆర్థిక సంవత్సరపు కొత్త విధానంలో 12 లక్షల వరకు రిబేటు ఉంది కనుక పన్ను సున్నా. అదే 24 లక్షల సీటీసీ మీద ఉద్యోగి కట్టేది రెండు లక్షల పైచిలుకు. ఈ సదుపాయం థర్డ్ పార్టీ పేరోల్‌లో జీతంగా తీసుకునేవాళ్లకు దక్కదు. అలాగని రోజూ ఆఫీసుకు వెళ్లి మేనేజర్ చెప్పినట్టు చేస్తూ, కాగితం మీద మాత్రం కన్సల్టెంట్‌నని చూపించుకోవడం ప్రమాదం. పని స్వభావం ఉద్యోగమే అయితే దాన్ని జీతమేనని అధికారులు తేల్చవచ్చు. వసూళ్లు ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. దేశంలోని క్లయింట్ బిల్లు మీద 18 శాతం వసూలు చేసి ప్రభుత్వానికి కట్టాలి. ఆ సొమ్మును సొంత డబ్బనుకుని వాడేసుకుంటే తర్వాత వడ్డీతో కట్టుకోవాల్సి వస్తుంది. ముందస్తు పన్ను మార్చి 15లోగా మనమే కట్టాలి. ఫారం 16 చేతికిచ్చే హెచ్‌ఆర్ విభాగం ఇక ఉండదు. మంచి ఆడిటర్ ఒకరు తోడుండాలి.

పర్మనెంట్ ఉద్యోగంతో వచ్చే గ్రూపు ఆరోగ్య బీమా విలువ సీటీసీలో ఎక్కడా సరిగ్గా కనిపించదు. తండ్రికి స్టెంట్ వేశారు, తల్లికి షుగర్ ఉంది, అయినా చేరిన రోజు నుంచే కవర్ చేసే పాలసీలు కంపెనీల్లో మామూలు. బయట కొనుక్కునే పాలసీలో ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు వెయిటింగ్ పెట్టుకునే వీలు బీమా కంపెనీలకు ఉంది. డెబ్భై ఏళ్ల మనిషికి ఆ మూడేళ్లే గండం. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై జీఎస్టీ తీసేశారు, కొంత ఊరట. కానీ వెయిటింగ్ అలాగే ఉంది. అందుకే కాంట్రాక్ట్ ఆలోచన మనసులో పడిన రోజునే, రాజీనామాకు చాలా ముందే, అమ్మానాన్నల పేరు మీద సొంత పాలసీ మొదలుపెట్టాలి. రెండు ప్రీమియాలు దండగ అనిపిస్తుంది, కానీ మీరు ఉద్యోగంలో ఉండగానే వెయిటింగ్ గడువు కరుగుతూ ఉంటుంది. ఇంట్లో పెద్ద జబ్బు ఇప్పటికే ఉండి, సొంత పాలసీ లేకపోతే మాత్రం ఎంత రేటిచ్చినా ఈ ఏడాదికి కదలొద్దని నా అభిప్రాయం.

గ్రాట్యుటీ కూడా చూసుకోవాలి. పర్మనెంట్ ఉద్యోగికి అది అయిదేళ్లు నిండితేనే వస్తుంది. నెలకు లక్ష బేసిక్ ఉన్నవాళ్లకు అయిదేళ్లకు వచ్చేది 2.88 లక్షలు. నాలుగేళ్లు దాటి కొన్ని నెలలే మిగిలి ఉంటే ఆగడమే మేలు. పీఎఫ్ ఖాతాకు అనుబంధంగా గరిష్ఠంగా 7 లక్షల జీవిత బీమా ఉంటుందన్నది చాలామందికి తెలియదు. ఉద్యోగంలో ఉండగా పోతేనే ఆ డబ్బు కుటుంబానికి అందుతుంది. బయటికి వచ్చేవాళ్లు టర్మ్ పాలసీ తీసుకుని మరీ రావాలి. ఇంటి రుణం అవసరముంటే రాజీనామాకు ముందే మంజూరు చేయించుకోవాలి. స్వతంత్రంగా పనిచేసేవాళ్లను బ్యాంకులు రెండు మూడేళ్ల ఐటీ రిటర్నులు అడుగుతాయి. పెళ్లి సంబంధాల్లో ‘పర్మనెంటేనా?’ అన్న ప్రశ్న ఇంకా ఉంది, ఆడపిల్ల విషయంలోనూ మగపిల్లవాడి విషయంలోనూ. దానికి నేను పెద్దగా విలువ ఇవ్వను.

ఉద్యోగంలో ఉంటూనే రహస్యంగా కాంట్రాక్ట్ పని చేసి రుచి చూద్దామనే ఆలోచన మంచిది కాదు. పోటీ సంస్థలకు పని చేస్తున్నారంటూ విప్రో 2022లో 300 మందిని తీసేసింది. రెండు చోట్లా పీఎఫ్ జమైతే యూఏఎన్ నంబరే పట్టిస్తుంది.

ఖాళీ నెలల అనుభవం తెలుగువాళ్లకు కొత్త కాదు. వైటూకే రోజుల నుంచి అమెరికా వెళ్లిన మనవాళ్లలో ఎంతోమంది కన్సల్టెన్సీల ద్వారా వెళ్లినవాళ్లే. హెచ్-1బీ వీసా మీదున్న ఉద్యోగిని జీతం లేకుండా బెంచ్ మీద కూర్చోబెట్టడం 1998 సవరణ తర్వాత అక్కడ చట్టవిరుద్ధం. అయినా గెస్ట్‌హౌస్‌లో నలుగురైదుగురు సర్దుకుని, ప్రాజెక్టు దొరికేదాకా చేతి డబ్బుతో నెట్టుకొచ్చిన కథలు మన చుట్టాల్లోనే వింటాం. ఉద్యోగం పోతే వీసా మీద ఉండటానికి 60 రోజులే గడువు. ఇక్కడ కాంట్రాక్ట్‌కు వెళ్లేవాళ్లకు ఆ కత్తి మెడ మీద లేదు, సొంత ఊరు, సొంత ఇల్లు ఉన్నాయి. ఖాళీ వస్తే తట్టుకునే శక్తి విషయంలో తార్నాకలో అమ్మానాన్నలతో ఉన్న ఇంజనీర్ న్యూజెర్సీలోని తన అన్న కంటే మెరుగు. ఈ అనుకూలతను మనవాళ్లు లెక్కలో వేసుకోవడం లేదు.

పెద్ద కంపెనీలకు కాంట్రాక్ట్ ఎందుకు ఇష్టమో అమెరికాలోనే తేలింది. మైక్రోసాఫ్ట్‌లో ఏళ్ల తరబడి ఉద్యోగుల పక్కనే కూర్చుని పనిచేసిన కాంట్రాక్ట్ సిబ్బంది, తమకూ ఉద్యోగుల ప్రయోజనాలు దక్కాలని 1992లో కోర్టుకెక్కారు. 2000లో కంపెనీ 9.7 కోట్ల డాలర్లకు రాజీ పడింది. అయినా ఈ పద్ధతి తగ్గలేదు. 2019లో గూగుల్‌లో సొంత ఉద్యోగుల కంటే తాత్కాలిక, కాంట్రాక్ట్ సిబ్బందే ఎక్కువని న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. ఉద్యోగుల సంఖ్య పెంచకుండా పని జరిపించుకోవడం, అవసరం తీరాక చెల్లింపులు లేకుండా పంపించడం కంపెనీకి కలిసొచ్చేవి. ఈ సంగతి తెలిసి వెళ్లేవాడు రేటు దగ్గర గట్టిగా నిలబడతాడు.

డబ్బు తర్వాత చూడాల్సింది పని. కాంట్రాక్ట్ మనిషిని ఇప్పటికే వచ్చిన పనికి పిలుస్తారు, కొత్తది నేర్పించడానికి కాదు. శిక్షణ ఖర్చు, నేర్చుకునే సమయం మనవే. పాత జావా కోడ్‌కు మరమ్మతులు చేస్తూ మూడేళ్లు కాంట్రాక్ట్‌లో గడిపితే నాలుగో ఏట రేటు పడిపోతుంది. కోడ్ రాసే సాధనాలుగా ఏఐ రోజురోజుకూ మెరుగవుతున్న ఈ కాలంలో సాదాసీదా పని ఎక్కువ రోజులు నిలవదు. అదే డేటాబేస్ మైగ్రేషన్, క్లౌడ్ ఖర్చుల అదుపు, బ్యాంకింగ్ చెల్లింపుల వ్యవస్థ వంటి ఒక కష్టమైన అంశంలో చెయ్యి తిరిగినవాళ్లకు కాంట్రాక్ట్ మేలు చేస్తుంది. రెండేళ్లలో నాలుగు కంపెనీల సమస్యలు చూస్తారు. ఒకే క్యూబికల్‌లో ఎనిమిదేళ్లు కూర్చున్నా రాని అనుభవం అది. మిమ్మల్ని పేరు పెట్టి అడిగిన పాత క్లయింట్లు, పాత మేనేజర్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారా? ఉంటే మీకు మార్కెట్ ఉంది. రిక్రూటర్ ఫోన్లు తప్ప ఏమీ లేకపోతే మీ రెజ్యూమె‌కు మాత్రమే ఉంది, ఆ మార్కెట్ వారానికోసారి మారిపోతుంది.

ప్రభుత్వం చేయాల్సిందీ ఉంది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు నిర్ణీత కాల ఉద్యోగులకు పర్మనెంట్ వాళ్లతో సమానంగా ప్రయోజనాలు, ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ ఇవ్వాలంటున్నాయి. ఇది మంచి మార్పు. గిగ్ కార్మికుల సామాజిక భద్రత కోసం యాప్ కంపెనీల టర్నోవర్‌లో 1–2 శాతం తీసుకునే ఏర్పాటూ ఉంది. నడుమ మిగిలిపోయినవాళ్లు స్వతంత్రంగా ఇన్‌వాయిస్ వేసే ఇంజనీర్లు, రెండు మూడు వెండర్ల కింద నలిగేవాళ్లు. తెలంగాణ దుకాణాలు, సంస్థల చట్టం ఆరు నెలలు పనిచేసిన ఉద్యోగిని తగిన కారణం లేకుండా తొలగించరాదని, నెల నోటీసు లేదా ఆ జీతం ఇవ్వాలని చెబుతుంది. వెండర్ల చాటున ఆ రక్షణ ఎవరి మీద అమలు చేయాలో తెలియకుండా పోతోంది. క్లయింట్ చెల్లించే బిల్లు ఎంత, మధ్యలో ఎవరెంత తీసుకుంటున్నారు అన్నది ఒప్పందంలో రాసి తీరాలని కార్మిక శాఖ నిబంధన పెడితే సగం దోపిడీ ఆగుతుంది. స్వతంత్ర వృత్తి నిపుణులు కలిసి గ్రూపు ఆరోగ్య బీమా కొనుక్కునే ఏర్పాటుకు రాష్ట్ర ఐటీ శాఖ చొరవ చూపాలి. హైదరాబాద్ ఐటీ ఎగుమతుల గురించి గర్వంగా చెప్పుకునే పాలకులు ఆ ఎగుమతులు చేస్తున్న మనుషుల ఇళ్లకు ఈ మాత్రం ఆసరా ఇవ్వాలి.

నా తీర్పు ఇది. పాతిక, ముప్పై శాతం ఎక్కువ ఇస్తామంటే థర్డ్ పార్టీ పేరోల్ మీదకు పర్మనెంట్ వదిలి వెళ్లొద్దు. ఉద్యోగం ఇప్పటికే ఊగిసలాడుతుంటే, బెంచ్ మీద రోజులు లెక్కపెడుతుంటే అది వేరు. అప్పుడు వాళ్లే పంపించేసేదాకా ఆగడం కంటే దొరికిన కాంట్రాక్ట్ మేలే. చేతిలో గట్టి నైపుణ్యం, ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో, కుటుంబానికి సొంత ఆరోగ్య బీమా, నేరుగా పని ఇచ్చే క్లయింట్ ఉన్నవాళ్లు మాత్రం పర్మనెంట్ అనే మాటకు భయపడి ఆగిపోవద్దు. వాళ్లకు కాంట్రాక్టే లాభం, గౌరవం కూడా.

వెళ్లాలనుకుంటే భార్యాభర్తలిద్దరూ, వీలైతే అమ్మానాన్నలు కూడా, ఒక ఆదివారం కూర్చుని ఈ లెక్క సొంత అంకెలతో వేయండి. బేసిక్ ఎంత, సెలవులెన్ని, బీమా ఎవరెవరికి, ఈఎంఐ ఎంత, ఎన్ని నెలలు ఖాళీగా ఉండగలం అన్నవి రాసుకోండి. సంతకమైన ఒప్పందం చేతికి వచ్చాకే రాజీనామా మెయిల్ పంపండి.